చిత్తూరులో దైవజనుల జీవిత చరిత్రలు: సెట్టు వద్దు, విడిగా ఏరుకోండి

ముందే తేల్చి చెప్పేస్తా, ఓపికున్నవాళ్ళు మిగతాది చదువుకోండి. చిత్తూరులో క్రైస్తవ పుస్తకాలమ్మే ఈ షాపుకు తప్పకుండా వెళ్ళండి. కానీ అక్కడ గాజు బీరువా మీద అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్న పన్నెండు జీవిత చరిత్రల సెట్టు మాత్రం కొనకండి. అవే పుస్తకాలు బీరువా లోపల విడిగా ఉన్నాయి, అందులో ఐదారు నిజంగా బాగున్నాయి, మిగతావి ఇంట్లో పడుంటాయి అంతే. సెట్టు ఆరు వందలు, విడిగా ఒక్కోటి అరవై. నూట ఇరవై కలిసొస్తుంది కదా అని సెట్టు తీసుకుంటాం, తీరా ఇంటికెళ్ళి చూసుకుంటే సగం పుస్తకాలు పిల్లలు రెండో పేజీ కూడా తిప్పరు.

షాపు పేరు, పుస్తకాలు వేసినవాళ్ళ పేరు రాయడం లేదు. మెచ్చుకునేవాటితో పాటు తిట్టేవీ ఉన్నాయి, ఇంత చిన్న ఊళ్ళో చిన్న షాపును పేరు పెట్టి తిట్టడం నాకు ఇష్టం లేదు. హైరోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, మేడ మెట్ల కింద ఉంటుంది, చర్చికెళ్ళే ఎవరినడిగినా చూపిస్తారు. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయట ఆగాల్సిందే. జిప్పు కవర్ల బైబిళ్ళు, కీర్తనల పుస్తకాలు, వాగ్దానాల క్యాలెండర్లు, ప్రభు బల్ల గ్లాసులు, బండ్లకు అంటించే స్టిక్కర్లు, నూనె సీసాలు, అన్నీ ఒకదాని మీద ఒకటి. సగం సరుకు తమిళం, సగం తెలుగు, చిత్తూరు కాబట్టి అది మామూలే. జీవిత చరిత్రల బీరువా ఓ మూలన, స్టిక్కర్ల స్టాండు వెనకాల ఉంటుంది. అడగకపోతే అక్కడ ఒక బీరువా ఉందని కూడా తెలీదు.

మా సండే స్కూల్లో క్రిస్మస్‌కి ఇచ్చే ప్రైజులు ఎప్పుడూ స్టీలు డబ్బాలే. ఈసారి పుస్తకాలిద్దామని నేనే పట్టుబట్టాను, కాబట్టి పిల్లలకిచ్చే ముందు అన్నీ చదవాల్సొచ్చింది. ఈ రివ్యూ అలా పుట్టింది.

చూడ్డానికి ఎలా ఉన్నాయంటే, ఒక్కోటి యాభై అరవై పేజీలు, మధ్యలో రెండు పిన్నులు, అక్షరాలు పెద్దవి. పెద్దవాళ్ళకు కళ్ళజోడు లేకపోయినా సరిపోతుంది. కాగితం పల్చన, వెనక పేజీలో అక్షరాలు ముందుకు కనపడతాయి. అచ్చుతప్పులు ఉన్నాయి కానీ భరించొచ్చు. భరించలేనివి అట్టల మీద బొమ్మలు. ఈమధ్య అందరూ కంప్యూటర్‌తో గీయించేస్తున్నారు కదా, ఇవీ అవే. ఇంగ్లండ్ నుంచి బెంగాల్‌కొచ్చిన మిషనరీ విలియం కేరీ చెప్పు కుడుతున్న బొమ్మలో కుడి చేతికి ఆరు వేళ్ళు. మా పిల్లలు లెక్కపెట్టి మరీ నవ్వారు. అది నవ్వి ఊరుకోవచ్చు, పండిత రమాబాయి బొమ్మ చూస్తే మాత్రం కోపమొచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, జడలో పూలు, మెడలో హారం. ఆమె పెళ్ళయిన రెండేళ్ళ లోపే, 1882లో భర్త పోయి, చంకలో పాపతో మిగిలిన మనిషి. ఆ తర్వాత జీవితమంతా వితంతువుల కోసం, తెల్లచీరలోనే బతికింది. లోపల పుస్తకంలోనే ఆ సంగతంతా ఉంది, మరి అట్ట వేసినవాళ్ళు ఒక్క పేజీ తిప్పి చూడలేదా?

అట్ట సంగతి వదిలేస్తే ఆ రమాబాయి పుస్తకమే ముందు కొనండి. ఎందుకంటే ఈ కథ మన తిరుపతి మీదుగా పోతుంది, ఆ సంగతి మన జిల్లాల్లో చాలామందికి తెలీదు. ఆమె 1858లో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి గొప్ప సంస్కృత పండితుడు, ఆడవాళ్ళకు సంస్కృతం నేర్పకూడదన్న రోజుల్లో భార్యకు నేర్పి ఊరితో మాటలు పడ్డవాడు. కుటుంబమంతా పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, పురాణం చదువుతూ, వచ్చినదాంతో బతికేవాళ్ళు. 1870లలో కరువొచ్చింది. ఉన్నదంతా దానాలకూ వ్రతాలకూ అయిపోయి, చివరి బియ్యపు గింజ తిన్నాక వాళ్ళున్నది తిరుపతిలో. నలుగురిలో అడుక్కుని పరువు పోగొట్టుకోవడం కంటే అడవిలో చావడం నయమనుకుని, ఆ రాత్రే అందరూ కలిసి అడవిలోకి వెళ్ళిపోయారు. పదకొండు రోజులు, నీళ్ళు, ఆకులు, గుప్పెడు ఈతపళ్ళు. ఇది రమాబాయి స్వయంగా రాసుకున్న సంగతి. మనం శేషాచలం అడవి అంటే ఎర్రచందనం, చిరుతపులి అని మాట్లాడుకుంటాం కానీ ఆ చెట్ల కింద ఈ కుటుంబం పడుకుని చావు కోసం ఎదురుచూసిందని తిరుపతిలో పుట్టి పెరిగిన మా పిన్నికి కూడా తెలీదు. ఆ పేజీలు ఫోన్‌లో చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ పుస్తకం నాకొకటి తీసుకురా" అంది. పిన్ని ప్రతి శనివారం గుడికెళ్ళే మనిషి, అది కూడా చెప్పాలి.

ఇంకో మంచి విషయం, ఆ చోట రచయిత ఒక్క మాట కూడా తూలలేదు. ఆ కుటుంబం భక్తి భక్తే, బాధ బాధే అన్నట్టు రాసుకుంటూ పోయాడు. ఇలాంటి పుస్తకాల్లో అది అరుదు, చాలామంది ఇక్కడే అవతలి మతాన్ని ఎగతాళి చేసి చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ తర్వాత తండ్రి, తల్లి, అక్క ఒకరి వెనక ఒకరు పోవడం, అన్నతో కలిసి వేల మైళ్ళు నడిచి 1878లో కలకత్తా చేరడం, అక్కడి పండితులు ఆమె సంస్కృతం విని 'పండిత' అని బిరుదివ్వడం, ఇవన్నీ గబగబా సాగుతాయి. మహారాష్ట్రలోని కేడ్గావ్‌లో ఆమె పెట్టిన ముక్తి మిషన్ ఆశ్రమం, కరువు ప్రాంతాల నుంచి వందల మంది ఆడపిల్లల్ని తెచ్చుకోవడం, 1905లో అక్కడ వచ్చిన ఉజ్జీవం (అంటే ప్రార్థనలు, భక్తి ఒక్కసారిగా ఊపందుకోవడం), అన్నీ ఉన్నాయి. నాకు బాగా నచ్చింది మాత్రం చివర్లో ఉంది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మరాఠీలోకి బైబిలంతా ఆమే అనువదించింది, ముక్తిలోని అమ్మాయిలే టైపులు కూర్చి అచ్చు వేశారు. 1921లో కూతురు మనోరమ చనిపోయింది, 1922 ఏప్రిల్‌లో తను. ఆ రెండు చావుల మధ్యే ఆ పని ముగించింది.

ఇప్పుడు తిట్టాల్సిన పుస్తకం. ఇవాన్ రాబర్ట్స్.

బ్రిటన్‌లోని వేల్స్ ఉజ్జీవం గురించి మన కూటాల్లో విననివాళ్ళు ఉండరు. చిన్నప్పుడే బొగ్గు గనిలో పనికెళ్ళిన కుర్రాడు, 1904 అక్టోబర్ చివర్లో సొంతూరి చర్చిలో కొద్దిమంది యువకులతో మొదలైన ప్రార్థన, కొన్ని నెలల్లో దేశమంతా అంటుకోవడం, లక్షమంది దాకా మారారనే లెక్క. పుస్తకం అదంతా ఊపిరాడకుండా చెప్తుంది, బాగా చెప్తుంది. 1905 దాకా వచ్చి ఆగిపోతుంది. తర్వాత పేజీ ప్రార్థన, ఆ తర్వాత పేజీ పబ్లిషర్ ప్రకటన. ఆ మనిషి చనిపోయింది 1951లో! నలభై ఐదేళ్ళు ఏమైపోయాయి? రోజుకు ఇన్ని కూటాలని తిరిగి తిరిగి ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిని, 1906కల్లా పడిపోయాడు. లెస్టర్‌లో ఒక దంపతుల ఇంట్లో ఏళ్ళ తరబడి జనానికి దూరంగా, ప్రార్థనలో ఉండిపోయాడు. మళ్ళీ అలాంటి పెద్ద కూటాలు నడపలేదు. ఇది చెప్తే ఆయన స్థాయి తగ్గిపోతుందా? నాకైతే అక్కడే అసలు కథ ఉందనిపిస్తుంది. మా క్లాసులో ఎనిమిదో తరగతి పిల్ల ఈ పుస్తకం చదివి, "అక్కా, ఆయన అప్పుడే చచ్చిపోయాడా?" అని అడిగింది. లేదమ్మా అని మొత్తం చెప్తే, "మా నాన్న కూడా ఎవరితో మాట్లాడకుండా గదిలోనే ఉంటాడక్కా ఒక్కోసారి" అంది. ఆ పిల్లకు కావాల్సింది ఆ నలభై ఐదేళ్ళు, పుస్తకంలో లేనిదే అది.

ఈ సెట్టు మీద నా కంప్లైంటు మొత్తం ఇదే. సగం పుస్తకాలు పెళ్ళి ఆల్బంలా ఉన్నాయి, అందరూ నవ్వుతూ నిలబడ్డవే తప్ప ఏడ్చిన ఫోటో ఒక్కటి ఉండదు. దైవజనుడంటే తప్పు చేయడు, జబ్బు పడడు, భార్యతో గొడవపడడు, ఓడిపోడు.

కేరీ పుస్తకం దీనికి సగం ఉదాహరణ. చెప్పులు కుట్టే పని, పని బల్ల దగ్గర గోడకు తను గీసుకున్న ప్రపంచ పటం, 1793లో బెంగాల్ చేరడం, కలకత్తా దగ్గరి సేరంపూర్‌లో పని, సతీసహగమనం నిషేధం, ఇవన్నీ ఉన్నాయి. 1812 మార్చిలో అచ్చు కార్యాలయం తగలబడ్డ ఘట్టం చదివితే పొగ వాసన వస్తుంది. ఏళ్ళ తరబడి రాసిన రాతప్రతులు బూడిద, కరిగి గడ్డకట్టిన సీసాన్ని ఏరుకుని, ప్రెస్సులు మిగిలాయని మళ్ళీ టైపులు పోతపోసుకోవడం. అంతా బాగుంది, ఆయన భార్య డొరతీ మాత్రం ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ఆమె మొదట రానంది. తర్వాత చెల్లెలు తోడొస్తానంటే కదిలింది. 1794లో ఐదేళ్ళ కొడుకు పీటర్ పోయాక మతి చలించింది, 1807లో చనిపోయేదాకా తేరుకోలేదు. పక్క గదిలో ఆమె అరుస్తుంటే ఈయన ఈ గదిలో అనువాదం చేసుకున్న రోజులవి. దాన్ని దాచిపెట్టి ఆయన పట్టుదలను పొగిడితే ఆ పట్టుదల ఖరీదు ఎవరు కట్టారో పిల్లలకెలా తెలుస్తుంది? సండే స్కూల్లో టీచర్లం ఎక్కువమంది ఆడవాళ్ళమే, మాకు ముందు కనపడేది డొరతీయే.

ఇంకో వింత. కేరీ పుస్తకం తెలుగులో ఉంది, తెలుగువాళ్ళకు అమ్ముతున్నారు, కానీ తెలుగు ఊసే లేదు. బెంగాలీ, సంస్కృతం, మరాఠీ, ఒరియా అని ఇంగ్లీషు పుస్తకంలో ఉన్న వరస అలాగే దింపేశారు. ఆయన 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేశాడు. 1818లో తెలుగు కొత్త నిబంధన సేరంపూర్‌లోనే అచ్చయింది. అంతకుముందు విశాఖపట్నంలో మిషనరీలు డెగ్రాంజెస్, క్రాన్‌లు ఆనందరాయర్ సాయంతో మొదలుపెట్టిన సువార్తలు కూడా 1812లో అచ్చయింది అక్కడే. మన చేతిలో ఉన్న తెలుగు బైబిలు వెనక ఎంత కథ ఉందో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరుకుతుందా? రెండు పేజీలు పెంచితే సరిపోయేది.

ఇక సెట్టు మొత్తంలో నంబర్ వన్ ఏదంటే, సందేహం లేకుండా క్లౌ దొర పుస్తకం. ఇది అనువాదం కాదు, చదువుతుంటేనే తెలిసిపోతుంది, రాసినాయన ఒంగోలు వైపు వాడై ఉంటాడు, ఊళ్ళ పేర్లు, వాగుల పేర్లు నోట్లో నానినట్టు వస్తాయి. అమెరికా మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ముందే ప్రభువును తెలుసుకుని ఎదురుచూస్తున్నాడు. అదే సమయంలో ఒంగోలులో బ్రాహ్మలు కొందరు ఆసక్తి చూపించారు, కానీ కింది కులాలవాళ్ళను చేర్చుకుంటే మేం రామని తెగేసి చెప్పారు. దొరకు టెన్షన్. పెద్దవాళ్ళు వస్తే వెనక ఊరంతా వస్తుందని ఒక లెక్క. ఆ రాత్రి ఆయన ఒక గదిలో, భార్య ఇంకో గదిలో, ఒకరికొకరు చెప్పుకోకుండా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందట, మొదటి కొరింథీయులకు 1:26, మీలో జ్ఞానులు, ఘనులు అనేకులు పిలువబడలేదు అన్న మాట. తర్వాత ఎటు వెళ్ళాలో ఇక ఆలోచించలేదు.

ఆ తర్వాత ధాత కరువు, 1876 నుంచి 78. ఈ దొర వచ్చేముందు అమెరికాలో సర్వేయరు పని చేసినవాడు, ఆ పనితనం ఇక్కడ అక్కరకొచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. సాయంత్రం పార కింద పెట్టాక పేరయ్యలాంటి బోధకులు జనంలో కూర్చుని మాట్లాడేవారు. జనం బాప్తిస్మం కావాలని వెంటపడ్డారు. ఆయన ఇవ్వలేదు, కరువు సాయం నడిచినన్నాళ్ళు, దాదాపు పదిహేను నెలలు, ఒక్కరికి కూడా ఇవ్వలేదు. అన్నం కోసం కలిశారన్న మాట రాకూడదని. సాయం డబ్బు ఆగిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదు పొమ్మన్నా జనం పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు. ఆరుగురు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలసిపోతే ఇంకో ఇద్దరు. ఈ పుస్తకంలో అంకె కంటే ముందు ఆ పదిహేను నెలల ఆగడం గురించి నాలుగు పేజీలున్నాయి, అందుకే ఇది మంచి పుస్తకం. 'బియ్యం క్రైస్తవులు' అనే ఎత్తిపొడుపును కూడా దాటేయకుండా ఎదురుగా పెట్టి మాట్లాడాడు రచయిత. పేరయ్య గురించి ఇంకో పది పేజీలుంటే ఇంకా బాగుండేది, అట్ట మీద దొర ఒక్కడే ఉన్నాడు మరి.

జార్జ్ ముల్లర్ పుస్తకం కూడా తీసుకోవచ్చు. అన్నం లేని పొద్దున బల్ల దగ్గర ప్రార్థన, తలుపు కొట్టిన రొట్టెలాయన, ఆ కథ ఎలాగూ ఉంది, మన ప్రసంగాల్లో వినీ వినీ అరిగిపోయింది. దానికంటే నాకు బాగా అనిపించింది కుర్రతనంలో ఈయన దొంగతనాలు చేసి, సత్రాల బిల్లులు ఎగ్గొట్టి పదహారేళ్ళకే జైలుకెళ్ళిన సంగతి దాచకుండా రాయడం. తర్వాత బ్రిస్టల్‌లో పదివేలమంది అనాథల్ని పెంచిన అదే మనిషి ప్రతి పెన్నీకి లెక్క అచ్చు వేసి జనం ముందు పెట్టాడు. ఎవర్నీ డబ్బు అడగలేదన్నది అందరూ చెప్తారు, లెక్క చూపించాడన్నది ఎవరూ చెప్పరు. ఇక్కడ ఎవరికైనా తగిలితే నేనేం చేయలేను.

లండన్ బోధకుడు స్పర్జన్ పుస్తకం కూడా పర్లేదు. 1856 అక్టోబర్‌లో సర్రే గార్డెన్స్ హాల్లో కూటం మధ్యలో ఎవరో మంటలని అరిస్తే తొక్కిసలాటలో ఏడుగురు పోయారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళే. ఆ దెబ్బ, తర్వాత జీవితమంతా వెంటాడిన డిప్రెషన్, కీళ్ళ జబ్బు, రచయిత ఏదీ వదల్లేదు. డిప్రెషన్ అంటే ప్రార్థన తక్కువైందని తేల్చేసే పెద్దలకు ఈ పుస్తకం ఒకటి కొనిచ్చి ఊరుకోండి.

ఇంగ్లండ్ బోధకులు వెస్లీ, వైట్‌ఫీల్డ్‌ల పుస్తకాలు రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తెలుస్తుంది, కానీ పుస్తకాలు మాత్రం చెప్పవు. వెస్లీ చనిపోయే ముందు, 1791 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఎంపీ విల్బర్‌ఫోర్స్‌కు ఉత్తరం రాసి బానిస వ్యాపారం మీద పోరాడమని వెన్నుతట్టాడు. వైట్‌ఫీల్డ్ అమెరికాలోని జార్జియాలో తన అనాథాశ్రమం నడవడానికి బానిసలు కావాలని, అక్కడ బానిసత్వాన్ని చట్టబద్ధం చేయమని అడిగినవాడు, బానిసలు ఉన్నవాడు. ఇద్దరూ స్నేహితులు, ఇద్దరూ బయట మైదానాల్లో వేలమందికి ప్రకటించినవాళ్ళు. వెస్లీ ఉత్తరం పుస్తకంలో ఉంది, వైట్‌ఫీల్డ్ సంగతి లేదు. కులం గురించి మాట్లాడుకోవాల్సిన మన సంఘాల్లో ఈ ఇద్దరినీ కలిపి చదివిస్తే ఎంత పనికొచ్చేది! విలియం సేమూర్ పుస్తకం దీనికి కొంత నయం. బానిసలుగా బతికిన తల్లిదండ్రుల కొడుకు, ఒక కన్ను పోయినవాడు, నల్లవాడని బైబిలు క్లాసులో లోపల కూర్చోనివ్వక వరండాలో కూర్చుని విన్నవాడు, 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో ఉజ్జీవానికి కాపరి. ఆ వరండా పేజీ మా పిల్లల్లో కొందరు గట్టిగా చదివించమని అడిగారు, ఎందుకో నేను చెప్పక్కర్లేదు. అమెరికా బోధకులు ఫిన్నీ, మూడీల పుస్తకాల గురించి చెప్పడానికేం లేదు, చదివితే నష్టం లేదు, చదవకపోయినా లేదు.

సాధు సుందర్ సింగ్ పుస్తకం మీద ఒక హెచ్చరిక. 1904 డిసెంబర్‌లో యేసు దర్శనం, 1905లో సిమ్లాలో బాప్తిస్మం, కాషాయం, టిబెట్ నడకలు, అంతవరకు హాయిగా సాగుతుంది. చివర్లో హిమాలయాల్లో హతసాక్షి అయ్యాడని, అంటే విశ్వాసం కోసం చంపబడ్డాడని, ఏదో కళ్ళారా చూసినట్టు రాసేశారు. 1929లో టిబెట్ దారి పట్టాడు, తిరిగి రాలేదు, అంతే తెలిసింది. కైలాసం గుహలో వందల ఏళ్ళ మహర్షిని కలిశాడన్న కథ కూడా రోడ్డు మీద జరిగిన సంగతిలా పెట్టారు, ఆయన బతికుండగానే యూరప్‌లో దాని మీద పెద్ద రచ్చ జరిగింది. పిల్లలకిచ్చేటప్పుడు మీరు పక్కన ఉండండి.

కౌంటర్ దగ్గర అన్నను అడిగాను, ఏది బాగా పోతుందన్నా అని.

"బక్తసింగ్ గారిది అక్కా. అది ఈ సెట్టులో లేదు, వేరేవాళ్ళు వేసినారు. తెచ్చిన వారంలోనే అయిపోతాది. ఈ దొరల పుస్తకాలు ఎక్కువ పాస్టర్లే కొంటారు, ప్రసంగంలో చెప్పుకునేదానికి."

నిజమే అయ్యుంటుంది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో బైబిలు చదివి మారి, హైదరాబాద్ హెబ్రోనులో స్థిరపడి 2000 సెప్టెంబర్‌లో పోయిన మనిషి, ఆయన్ను కళ్ళారా చూసినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. కూటాల్లో నేల మీద అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి భోజనం పెట్టించేవాడని మా పెద్దలు చెప్పేవారు. నేనెళ్ళినప్పుడూ ఆ పుస్తకం అయిపోయింది.

కౌంటర్ అన్ననే ఇంకోటి అడిగాను, ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ మీద ఏమైనా ఉందా అని. "ఎవరక్కా ఆయన?" అన్నాడు. మన చిత్తూరులో ఉన్నాయన అన్నా అంటే నమ్మలేదు. తప్పు ఆ అన్నది కాదు, తెలుగులో ఎవరైనా వేసినట్టు నాకు కనపడలేదు. గ్రోవ్స్ ఇంగ్లండ్‌లో ఎక్సెటర్‌లో పళ్ళ డాక్టరు, మంచి రాబడి. అంతా వదిలి 1829లో మిషనరీగా బాగ్దాద్ బయల్దేరాడు. అక్కడ 1831లో ప్లేగు వచ్చి భార్య పోయింది. 1833లో ఇండియా వచ్చాడు. 1836లో ఆయన వెంట వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలే తర్వాత గోదావరి డెల్టాలో నర్సాపురం వైపు పని మొదలుపెట్టింది. ఇక గ్రోవ్స్ 1830ల చివర్లో మన చిత్తూరులో దిగి, మిషనరీ ఎవరి జీతం మీదా బతక్కూడదని వ్యవసాయం, పట్టుపురుగులు పెట్టి బాగా నష్టపోయాడు. 1853లో బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట్లో చనిపోయాడు. ముల్లర్ భార్య ఈయన సొంత చెల్లెలు, ముల్లర్‌కు జీతం వద్దనుకునే ధైర్యం వచ్చింది కూడా చాలావరకు ఈయన రాసిన చిన్న పుస్తకం చదివే. అంటే ముల్లర్ పుస్తకం బీరువాలో ఉంది, ముల్లర్‌ను కదిలించిన మనిషి ఇదే ఊళ్ళో అప్పులతో తిప్పలు పడ్డాడు, ఆయన పేరు ఇక్కడెవరికీ తెలీదు. ఓడిపోయినవాళ్ళ మీద పుస్తకం వేయరేమో.

వేలూరు సీఎంసీ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడ్డర్‌ది తమిళంలోనే ఉంది. ఇది మరీ అన్యాయం. చిత్తూరులో సగం ఇళ్ళల్లో సీఎంసీ చీటీలు ఉంటాయి, ఒంట్లో బాగాలేకపోతే తెల్లారుజామున వేలూరు బస్సెక్కుతాం. ఒకే రాత్రి మూడు ఇళ్ళ నుంచి మగవాళ్ళొచ్చి, ప్రసవం కష్టమైన తమ ఆడవాళ్ళ దగ్గరకు మగ డాక్టరును రానిచ్చేది లేదంటే, ఆ ముగ్గురు ఆడవాళ్ళూ తెల్లారేసరికి పోయారు. మిషనరీ పని నాకొద్దనుకున్న ఐడా ఆ పొద్దున చావు డప్పు విని డాక్టరవ్వాలనుకుంది. మదనపల్లె మిషన్ డాక్టర్ చాంబర్లిన్ గురించి కూడా ఏమీ లేదు. అన్నకు ఈ పేర్లన్నీ కాగితం మీద రాసిచ్చాను, పబ్లిషర్ మనిషి వస్తే చూపిస్తానన్నాడు.

సర్వీసు సంగతి. మనిషి మంచోడు, బేరం ఆడితే విడి పుస్తకాలకు కూడా ఐదో పదో తగ్గిస్తాడు, పది దాటితే ఇంకా. నాకిచ్చిన ముల్లర్ కాపీలో పదహారు పేజీలు రెండుసార్లు కుట్టి ఉన్నాయి, తీసుకెళ్తే మాట్లాడకుండా మార్చిచ్చాడు. తిరుపతికి బస్సు పార్సిల్ వేస్తాడు, పార్సిల్ ఖర్చు మనదే. పిన్నికి పంపించమంటే రమాబాయి బదులు మూడీ పంపించాడు, ఫోన్ చేస్తే మర్నాడే సరైనది వేశాడు, మూడీని వెనక్కి అడగలేదు. స్కానర్ కౌంటర్ మీదే ఉంటుంది కానీ మెట్ల కింద సిగ్నల్ రాదు, డబ్బు తీసుకెళ్ళండి. ఆదివారం సాయంత్రం నాలుగు తర్వాతే తెరుస్తాడు. డిసెంబర్ మొదటి వారం దాటితే క్యాలెండర్ల జనంతో లోపలికి పోలేరు, నవంబర్‌లోనే వెళ్ళండి, క్లౌ దొరవి, రమాబాయివి ముందు ఎత్తి పెట్టించుకోండి. ఐదుకు మూడున్నర ఇస్తాను, అట్టలు మారిస్తే ఇంకో అర.